సర్దడం, సర్దుకుపోవడం

కొన్నేళ్ల కిందట గ్రామ కార్యకర్తల శిక్షణా శిబిరంలో ఒక అభ్యాసం చేయించాం. అందరికీ తెల్ల కాగితాలు, రంగు పెన్నులు ఇచ్చి ఎవరింటి పటం వాళ్లు గీయమన్నాం. గీయడం అయ్యాక, "ఈ ఇంట్లో ఇది నాది అని మీరనుకునే చోటుకి ఎర్ర రంగు వెయ్యండి" అన్నాం. అంతవరకూ కబుర్లు చెప్పుకుంటూ గీస్తున్నవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు. కొంతమంది కాగితం అలాగే వదిలేశారు. ఒకరిద్దరు దేవుడి గూటికి రంగు వేశారు. ఎక్కువమంది ఎర్ర రంగు పడింది మాత్రం వంటింట్లో, సామాన్ల అర మీద. ఒకామె ఇంకా కచ్చితంగా "పప్పు డబ్బాల వెనకాల" అని రాసింది. అక్కడేముందని అడిగితే నవ్వేసింది. కాస్త డబ్బు, పదో తరగతి సర్టిఫికెట్టు, పుట్టింటివాళ్లు రాసిన రెండు ఉత్తరాలు. "మా ఆయన ఆ పక్కకి రాడక్కా. అంతకంటే భద్రమైన చోటు ఎక్కడుంది?" అంది.

ఇల్లంతా మనం ఊడ్చి, తుడిచి, సర్దిపెడతాం. అందులో మనకంటూ మిగిలింది ఇతరులెవరూ రావడానికి ఇష్టపడని చోటు! ఆ చోటు గురించే ఈ వ్యాసం.

సామాన్ల అర అంటే అందరికీ ఒకటే కాదు. కొందరికది విడిగా కొట్టుగది. కొందరికి తలుపులున్న అలమర. చాలామందికి గోడకి కొట్టిన రెండు చెక్కలు, పొయ్యి గట్టు కింద ఒక బియ్యం డ్రమ్ము, సజ్జ మీద రెండు మూటలు. 'హక్కుల పత్రికలో పప్పు డబ్బాల గొడవేమిటి? స్త్రీలకి ఇంతకంటే పెద్ద సమస్యలు లేవా?' అని కొందరికి అనిపించవచ్చు. ఉన్నాయి. అయితే ఆ పెద్ద సమస్యల్లో చాలావాటి కొస ఈ చిన్న అరలోనే దొరుకుతుందని నా అభిప్రాయం.

వారపత్రికల మహిళా పేజీలు ఏళ్ల తరబడి మనకొక పాఠం చెబుతూ వచ్చాయి. వంటిల్లు చిన్నదా? దిగులు పడకండి. ఒకే కొలత డబ్బాలు కొనండి, వాటిమీద పేర్లు అంటించండి, తలుపు లోపలివైపు కూడా అరలు పెట్టించండి, ఇరుకింట్లో కూడా మహరాణిలా ఉండండి. ఈ సలహాల్లో తప్పేమీ లేదు, కొన్ని నేనూ పాటించాను. కానీ ఇవన్నీ ఎవరిని ఉద్దేశించి రాస్తారో గమనించండి. ఇల్లు ఇరుకు కట్టినవాడికి కాదు, జీతం చాలనంత ఇచ్చేవాడికి కాదు, ఆ డబ్బాలోంచే రోజూ తినే మిగతా నలుగురికీ కాదు. కేవలం ఆవిడకి. చోటు చాలకపోతే సర్దాల్సింది ఆవిడే, సరుకు చాలకపోతే సర్దుకుపోవాల్సిందీ ఆవిడే. ఈ రెండు మాటలూ మన భాషలో ఒకే ధాతువు నుంచి రావడం ఊరికే జరిగింది కాదేమో అనిపిస్తుంది. చిన్నప్పుడు అలమర సర్దడం నేర్పిన చేత్తోనే ఆడపిల్లకి అత్తింట్లో సర్దుకుపోవడమూ నేర్పుతారు.

సర్దడం అనే పనిలో ఏమేం ఉన్నాయో ఒకసారి విప్పి చూద్దాం. కొత్త కందిపప్పు వస్తే ఎండబెట్టాలి. బియ్యం చెరగాలి, రాళ్లేరాలి, పురుగు పట్టకుండా వేపాకో ఎండుమిరపకాయలో వెయ్యాలి. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో అదమాలి. మిరపకాయలు తొడాలు తీసి మరకి పంపాలి. పాత పిండి అడుగున ఉండగా కొత్తది పైన పోయకుండా చూసుకోవాలి. ఇవన్నీ కంటికి కనిపించే పనులు. కనిపించని పని ఇంకొకటుంది, గుర్తుపెట్టుకోవడం. నూనె ఎన్ని రోజులొస్తుంది, ఉప్పు అడుగంటిందా, పండగకి బెల్లం ఎంత కావాలి, ఆడపడుచు వస్తే పెసరపప్పు సరిపోతుందా... ఈ లెక్క నిద్రలో కూడా ఆవిడ బుర్రలో నడుస్తూనే ఉంటుంది. ఒక దుకాణంలో ఇదే పని చేసేవాణ్ణి గుమాస్తా అంటారు, జీతమిస్తారు. ఇంట్లో చేసే ఆవిణ్ణి "బాగా సర్దుకునే పిల్ల" అంటారు.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్లు పైబడిన స్త్రీలలో 81.2 శాతం ఆ రోజు జీతం లేని ఇంటిపని చేశారు, పురుషులలో 26.1 శాతం. చేసినవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు చేశారు, పురుషులు 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే చేస్తే అవి 289, 88 నిమిషాలయ్యాయి. ఐదేళ్లలో ఆడవాళ్లకి దక్కింది పది నిమిషాల విడుదల. మగవాళ్లు కూడా తొమ్మిది నిమిషాలు విడుదలయ్యారు లెండి! ఒక సంగతి గమనించాలి. ఇలాంటి సర్వే చేతులు చేసే పనిని నిమిషాల్లో కొలవగలదు. కూర తరుగుతూ మనసులో వేసుకునే సరుకుల లెక్క దానికెలా అందుతుంది?

ఇక చోటు విషయానికొద్దాం. మన ఊళ్లలో ధాన్యానికి గాదెలుండేవి, గరిసెలుండేవి, తెలంగాణలో గుమ్ములుండేవి, నేలలో తవ్విన పాతర్లుండేవి. ఇంటి లోపల అటక, ఉట్టి, జాడీల వరస. కొలవడానికి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం. ఆ రోజులు గొప్పవని నేను అనను. గాదె నిండా ధాన్యమున్న ఇళ్లు ఊరికి నాలుగో ఐదో, ఆ గాదె నింపినవాళ్ల ఇళ్లలో కుండ అడుగు కనిపిస్తూ ఉండేది. ఉన్న ఇళ్లలో కూడా కొట్టుగదికి మడి అనే కంచె ఉండేది. ముట్టయిన ఆడది ఆవకాయ జాడీ తాకకూడదు. అంట్లు తోమే దళిత స్త్రీ పెరటి గుమ్మం దాటకూడదు. అంటే, ఈ అర ఏనాడూ ఉత్తి చెక్కల అర కాదు. కులం, లింగ వివక్ష, ఆస్తి, మూడూ కలిసి కట్టిన గది.

ఇప్పుడా గది కుంచించుకుపోయింది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, భోజనానికి వేరే చోటున్న ఇంట్లో వంటగదికి కనీస వైశాల్యం 5 చదరపు మీటర్లు. వేరే సామాన్ల గది ఉంటే వంటగదిని 4.5కి తగ్గించుకోవచ్చు. అంటే ఆ సామాన్ల గది విలువ అర చదరపు మీటరన్న మాట! ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో ఇల్లు మొత్తం కనీసం 25 చదరపు మీటర్లు, అందులోనే శుభ్రంగా వండుకునే చోటు కూడా ఉండాలి. వండే చోటని రాశారు, బాగానే ఉంది. మరి వండాల్సిన వస్తువులు పెట్టుకునే చోటో? అది ఆవిడ చూసుకుంటుంది. సర్దుకుంటుంది.

స్త్రీల వైపు నుంచి ఆలోచించి ఈ సమస్యని పరిష్కరించబోయినవాళ్లు లేకపోలేదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం ఇళ్లు లేనివాళ్ల కోసం వేల సంఖ్యలో ఇళ్లు కట్టిస్తున్నప్పుడు మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్ట్ వాటికి వంటగది రూపొందించింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అటూ ఇటూ తిరిగే అడుగులు లెక్కపెట్టి మరీ గీసిన గది అది. పప్పు, బియ్యం, పంచదారలకి వరసగా పేర్లు చెక్కిన అల్యూమినియం సొరుగులు, పిండికి పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగు. అలాంటివి దాదాపు పదివేల వంటగదులు కట్టారు. పని తగ్గితే ఆడవాళ్లకి తీరిక దొరుకుతుందన్నది ఆమె ఆశ. ఆ ఆశని గౌరవించాల్సిందే. కానీ ఆ గదిలో ఒక్క మనిషే పనిచెయ్యగలదు. రెండో మనిషికి చోటు లేదు. తర్వాతి తరం స్త్రీవాదులు ఎత్తిచూపింది ఇదే. ఎంత చక్కగా సర్దినా, అది ఒక్క ఆడదాని కొలతకి కుట్టిన గదైతే, పని అక్కడే ఉండిపోతుంది, ఆమే అక్కడ ఉండిపోతుంది. మన మాడ్యులర్ కిచెన్ల ప్రకటనల్లో కూడా నవ్వుతూ సొరుగు లాగే మనిషి సాధారణంగా ఎవరో మీకు తెలుసు.

ఇంతవరకూ సర్దడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్ల సంగతి. లేనివాళ్లో? నెల మొదట్లో ఒకేసారి సరుకులు తెచ్చుకోగలగడం కూడా ఒక ఆస్తే. దానికి చేతిలో డబ్బుండాలి, పెట్టుకోడానికి పొడి చోటుండాలి, ఎలకలు రాని గోడలుండాలి. రోజుకూలి చేసుకునే ఇల్లాలు సాయంత్రం కిరాణాకొట్టులో పావుకిలో కందిపప్పు, చిన్న నూనె ప్యాకెట్టు, కారం పొట్లం కొంటుంది. పొట్లాల్లో కొంటే కిలో ధర ఎక్కువ పడుతుందని ఆమెకి తెలియక కాదు. ఆమె సామాన్ల అర నిజానికి ఆ కిరాణాకొట్టే, తాళం శెట్టి దగ్గర, లెక్క అరువు పుస్తకంలో. మన ఇళ్లలో పనిచేసే ఆమె పొద్దున మన డబ్బాలు తుడిచి వరసగా పెట్టి, రాత్రి ఇంటికెళ్లి పొట్లాలు విప్పుతుంది. ఇల్లు సర్దుకోవడం గురించి మనం మాట్లాడేటప్పుడు ఆమెని పక్కన పెట్టి మాట్లాడితే అది మన వర్గానికి చెందిన ముచ్చటగానే మిగిలిపోతుంది.

అందుకే రేషన్ మనకి ఇంత ముఖ్యం. 2013 ఆహార భద్రతా చట్టం అంత్యోదయ కుటుంబానికి నెలకి 35 కిలోలు, మిగతా అర్హులకి మనిషికి 5 కిలోల ధాన్యం హక్కుగా చేసింది. అదే చట్టం 13వ సెక్షను, 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దామెని రేషన్ కార్డు విషయంలో కుటుంబ యజమానిగా పరిగణించాలంది. 'కుటుంబ యజమాని' అన్న మాట పక్కన స్త్రీ పేరు రావడం చిన్న విషయం కాదు. అయితే కార్డు మీద పేరు రావడానికీ, బియ్యం బస్తా మీద అధికారం రావడానికీ మధ్య చాలా దూరముంది. కార్డు ఆమెది, బస్తా తెచ్చేది ఆయన, దారిలోనే సగం అమ్మేసేదీ ఆయనే అయితే? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లింది ఇలా ఖాళీ అవుతున్న అరల్ని చూసే. వాళ్ల పోరాటం 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. అంతకంటే పెద్ద 'వంటింటి నిర్వహణ' నాకు తెలిసి లేదు.

ఇక తాళం సంగతి. కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసినవాళ్లకి ఇది కొత్త కాదు. పాలు, పంచదార, నూనె బీరువాలో పెట్టి తాళం వేసుకునే అత్తగారు. పొద్దున్నే బియ్యం కొలిచి ఇచ్చి ఆఫీసుకి వెళ్లే భర్త. గర్భంతో ఉన్న కోడలు గుప్పెడు వేరుశనగ గింజలు తింటే సాయంత్రానికి పంచాయితీ. "కొట్టాడా?" అని మనం అడుగుతాం. "లేదు" అంటుంది. "మరి?" అంటాం. ఆమెకి చెప్పడానికి మాట దొరకదు. డబ్బాకి తాళం వేశారని ఎవరికి చెప్పుకుంటుంది? నవ్వరూ?

నవ్వాల్సిన అవసరం లేదు. 2005 గృహహింస చట్టం మూడో సెక్షను ఆర్థిక హింసని కూడా హింసే అంటుంది. ఇంటి అవసరాలకి కావాల్సినవి అందకుండా చెయ్యడం, ఆ ఇంట్లో ఆమెకి హక్కున్న వనరుల్ని వాడుకోకుండా అడ్డుకోవడం అందులోకే వస్తాయి. రక్షణాధికారి నింపే గృహ సంఘటన నివేదికలో తిండి, బట్టలు, మందులు ఇవ్వకపోవడం ఒక అంశంగా ఉంది. ఆ గడి చాలాసార్లు ఖాళీగా పోతుంది. ఎందుకంటే మనం అడగం. ఇకనుంచి బాధితురాలితో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలూ చేర్చుకుందాం: ఇంట్లో సరుకులు ఎవరు తెస్తారు? ఎవరు కొలుస్తారు? తాళం ఎవరి దగ్గరుంది? మీకు ఆకలేస్తే అడక్కుండా తీసుకుని తినగలరా? చివరి ప్రశ్నకి వచ్చే జవాబు చాలా విషయాలు చెబుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. అందరికీ పెట్టి, మిగిలింది తినడం వాటిలో ఒకటి.

తాళం లేని చోట ఆడవాళ్లు తమ తాళం తామే కనిపెట్టుకున్నారు. అదే పోపుల డబ్బా. కూరగాయల్లో మిగిలిన పది, పాత పేపర్లమ్మిన ఇరవై. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవనగానే ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు ఆ డబ్బాలు తెచ్చి భర్తల ముందు బోర్లించాల్సి వచ్చిందో మనం చూశాం. టీవీల్లో అదొక హాస్యమైపోయింది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న రహస్య స్వాతంత్ర్యం ఒక్క రాత్రిలో బయటపడటంలో హాస్యమేముంది? దాచుకోవాల్సి రావడమే అసలు విషాదం. అందుకే పోపుల డబ్బాని నేను ఆకాశానికెత్తను. అది ఆమె తెలివికి గుర్తు, ఆమె నిస్సహాయతకీ గుర్తే.

ఇంకో దారి లేదా? ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు, 1990ల మధ్యలో బీడుపడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి జొన్న పండించారు. ఆ ధాన్యాన్ని ఊళ్లోనే నిల్వచేసి, పనుల్లేని నెలల్లో పేద ఇళ్లకి తక్కువ ధరకి ఇచ్చారు. ఎవరు పేదలో ఊరే కూచుని తేల్చింది. విత్తనాలు బూడిద, వేపాకు కలిపి, పేడా మట్టీ పూసిన బుట్టల్లో దాచే విద్య ఆ ఆడవాళ్లదే. ఆ విద్య ఒక్క ఇంటి అరలో ఉన్నంతకాలం అది 'ఆడవాళ్ల పని'. ఊరందరి గింజల దగ్గర ఆ స్త్రీలు కూచున్నప్పుడు అది అధికారమైంది. వాళ్లు చేసిందీ సర్దడమే. కానీ సర్దుకుపోలేదు.

మరి మన ఇరుకు వంటింట్లో రేపు పొద్దున ఏం చేద్దాం? నాకు తోచినవి చెబుతాను. డబ్బాల మీద పేర్లు తప్పకుండా రాద్దాం, అందం కోసం కాదు. ఇంట్లో ఎవరూ "ఏది ఎక్కడుందో నాకేం తెలుసు?" అనే వీలు లేకుండా. చదువు రాని అమ్మకోసం పేరు పక్కన గింజ బొమ్మ వేద్దాం. అర లోతు తక్కువగా, ఒకే వరస పట్టేట్టు ఉంటే అందరికీ అన్నీ కనిపిస్తాయి, వెనక పడి పురుగు పట్టేదీ ఉండదు. బరువైనవి నడుముకి కిందుగా, రోజూ వాడేవి నడుముకీ గుండెకీ మధ్య ఎత్తులో పెడదాం. స్టూలెక్కి సజ్జ మీంచి డబ్బాలు దించి నడుం విరగ్గొట్టుకోవడం త్యాగం కాదు. ఫినాయిలు, పురుగుమందు తినే వస్తువుల దగ్గర ఉండనే కూడదు. అయిపోయినవి రాసే కాగితం తలుపుకి అంటించి, వారానికొకరు చొప్పున దాని బాధ్యత ఇంట్లో అందరికీ వంతు వేద్దాం, అబ్బాయిలతో సహా. ఆ కాగితంలో ప్రతి మనిషికీ ఇష్టమైన తిండి ఒకటైనా ఉండాలి. మనకి ఇష్టమైనది కూడా. చాలామందిమి ఆ గడి దగ్గర పెన్ను పట్టుకుని ఆగిపోతామేమో! శిబిరంలో ఎర్ర రంగు పట్టుకుని ఆగిపోయినట్టే.

ఇంటి బయట చేయాల్సింది ఇంకా ఉంది. గృహనిర్మాణ పథకాల ప్లాన్లు వేసేటప్పుడు సామాన్లు దాచుకునే పొడి చోటు కూడా ఇంట్లో భాగంగా లెక్కించమని మన సంఘాలు అడగాలి. ఇద్దరు నిలబడి పనిచెయ్యగల వంటగది కావాలనీ అడగాలి. చోటుంటే మగవాళ్లు వచ్చేస్తారని కాదు. కనీసం చోటు లేదనే సాకు పోతుంది.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికి అలికి తన పేరే మరచిపోయిన ఇల్లాలు మనందరికీ గుర్తే. డబ్బాలన్నిటికీ పేర్లు రాసే మనం కూడా ఆ ప్రమాదానికి దూరంగా ఏమీ లేము. పప్పు డబ్బాల వెనక సర్టిఫికెట్టు దాచుకున్న ఆమె తర్వాత ఒకసారి కలిసింది. "ఇంకా అక్కడే ఉందా?" అని అడిగాను. "లేదక్కా. ముందు గదిలో గోడకి పెట్టుకున్నాను. ఆ చోట్లో ఇప్పుడు శనక్కాయలు పెట్టుకున్నా, నాకోసం" అంది.

అర సర్దడమంటే అదీ.